మూర్ఛ కోసం కాపలా

తిరువనంతపురంలోని మా మూర్ఛల వార్డులో పదహారేళ్లుగా రోగుల తలలకు మెదడు పరీక్ష తీగలు అతికిస్తున్నాను. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లకూ ఒళ్లు మండే మాట ఒకటుంది: మందులు తగ్గిస్తాం, మూర్ఛ వచ్చేదాకా కూర్చోండి. విలాసిని చేచీకీ, అంటే విలాసిని అక్కకీ, అదే చెప్పాను.

ఆమె కాయంకుళం దగ్గర కొబ్బరిపీచు తాళ్లు పేనే మనిషి. భర్త భార్గవన్ పడవ నడిపేవాడు. గెడ చేతిలో ఉండగానే మూర్ఛొచ్చి నీళ్లలో పడ్డాక ఆ పనీ పోయింది. ఇరవై రెండేళ్లుగా పెళ్లికెళ్లినా, రేషన్ వరుసలో నిలబడినా ఆమె కళ్లు అతని ముఖం మీదే. పెదవి వంకరపోగానే భుజం మీది తువ్వాలు అతని మీద కప్పేసి అడ్డంగా నిలబడేది. ఈమధ్య అతనికి నిన్నా మొన్నా కలిసిపోతున్నాయి.

"కణతల లోపల కొన్ని కణాలున్నాయమ్మా," అని డాక్టరు చెప్పాడు. "ఈ గది వేరు, ఆ గది వేరు అని గుర్తుంచుకోవడానికి అవి కావాలి. పక్క కణాలు రెచ్చిపోకుండా చూసేవీ అవే. అవి పోతే జ్ఞాపకాలు తికమకవుతాయి, మూర్ఛలూ పెరుగుతాయి. ఎటువైపు పాడైందో మూర్ఛ వచ్చినప్పుడే కెమెరాలో, తీగల్లో తెలుస్తుంది. అది తేలితేనే ఆపరేషన్."

మంచం ఇచ్చింది ఐదు రోజులకే. మూడు రోజులు గంజీ పెసలూ తింటూ ఊరికే గడిచిపోయాయి.

"ఇన్నేళ్లూ రావద్దని మొక్కాను సాబూ. ఇప్పుడు రమ్మనడానికి నోరెలా వస్తుంది?" అని విలాసిని నాతో అంది.

నాలుగో రోజు పొద్దున రానే వచ్చింది. నేను పరుగెత్తేసరికి అతని ముఖం మీద తువ్వాలు, ఆ పైన ఆమె. రెండు తీగలు ఆమె పిడికిట్లోనే ఊడిపోయాయి.

"ఆ కెమెరా పెట్టింది మీ వీపు చూడ్డానికా చేచీ?" అని అరిచాను.

"చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది, నాయనా."

అరిచినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

చివరి రోజు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. నర్సు మంచం పక్కనే ఉంది. విలాసిని గంట నొక్కి, గోడ దాకా వెనక్కి నడిచి, చేతులు రెండూ చంకల్లో బిగించుకుంది. భార్గవన్ చెయ్యి దుప్పటంతా తడుముతోంది.

"ఇక చాలా, సాబూ?"

"ఇంకాస్త, చేచీ," అన్నాను గుమ్మంలోంచి.

ఒకటిన్నర నిమిషం ఆమె కదల్లేదు. అంత అలసిన మనిషిని నేనెక్కడా చూడలేదు. ఈసారి అంతా రికార్డయింది, కుడివైపని తేలింది.

చాలాసేపటికి అతనికి మాట వచ్చింది. "విలాసినీ, ఎక్కడికెళ్లిపోయావ్?"

"ఇక్కడే ఉన్నాను."

"లేవు," అన్నాడు చిన్నపిల్లాడిలా.

గంట తర్వాత అతనికి ఆ మాట అన్నట్టే గుర్తులేదు. అరటిపండు తింటూ నాతో వేళాకోళాలాడాడు. ఆపరేషన్ చెయ్యొచ్చని డాక్టరొచ్చి చెప్పినా, విలాసిని మాత్రం గోడ దగ్గరే కూర్చుని ఏడుస్తోంది.