ఊరందరికీ తోడు పోయిన నా తోడికోడలు

అక్క పోయిందన్న వార్త నాకు మా ఇంటివాళ్ళు చెప్పలేదు. రాజోలి నుంచి ముక్కూ మొహం తెలియని ఒకామె ఫోన్ చేసి చెప్పింది.

ఆ పొద్దున నేను అయిజలో మా అమ్మ దగ్గర ఉన్నాను. అమ్మకు జ్వరమని తెలిసి ముందు రోజు వెళ్ళాను. పోయి చూసి రమ్మని బలవంతం చేసింది కూడా అక్కే. ఫోన్ ఎత్తగానే అవతల ఏడుపు. "మా అక్క పోయిందంట గదమ్మా" అంది. ఎవరి అక్క, ఏ అక్క అని అడిగాను. "గద్వాల అక్క. దవాఖాన అక్క" అంది.

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద ఆమెతో కలిసి వండుకు తిన్న తోడికోడలిని నేను. మా అక్క పోయిందని నాకు చెప్పడానికి ఈమె ఎవరు? అయినా ఆమె ఏడుపు ఆపడం లేదు. చివరికి నేనే ఆమెను ఓదార్చి ఫోన్ పెట్టేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే మా ఆయన ఫోన్ వచ్చింది.

అక్కను సన్మానించిన మహిళా సంఘం వాళ్ళు ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారు. రాస్తామని చాలామంది ముందుకొచ్చారట. టీచర్లున్నారు, నర్సులున్నారు. నేను పోయి, నేనే రాస్తానన్నాను. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. ఇందులో ఆమె మంచితనం కంటే నా ఓర్వలేనితనం ఎక్కువ కనిపిస్తే చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు. ఆమె గురించి అబద్ధం లేకుండా రాయాలంటే నాకు ఇంకో దారి లేదు.

మాది గద్వాలలో నేతపని చేసే ఇల్లు. అన్నదమ్ములిద్దరూ చెరో మగ్గం మీద చీరలు నేస్తారు. ఆడవాళ్ళం రాట్నం దగ్గర కూర్చుని, నేతకు కావలసిన నూలును చిన్న చిన్న కండెలుగా చుట్టి అందిస్తాం. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్క ఇద్దరు మగపిల్లల తల్లి. మా పుట్టింట్లో మగ్గం మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నారు కాబట్టి నాకు కండె చుట్టడం రాదు. పోగు తెగినప్పుడల్లా అత్త గొంతు లేచేది. అక్క తన రాట్నం జరుపుకుని నా పక్కకు వచ్చేది. తెగిన పోగు నా చేతిలోంచి తీసుకుని, అతికి, ఏమీ అనకుండా మళ్ళీ నా చేతికిచ్చేది. పొద్దున్నే నా తల దువ్వేది. కళ్ళు పైకి లాగేంత గట్టిగా జడ వేసేది. మధ్యాహ్నం అత్త కునుకు తీస్తున్నప్పుడు ఇద్దరం ఒకే రొట్టె తుంచుకుని తినేవాళ్ళం. ఆ రోజుల్లో ఆమె పూర్తిగా నాది. ఊరికి ఇంకా ఆమె సంగతి తెలియదు.

తెలిసింది ఎలాగంటే, మా వీధి చివర ఒక ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉండేది. మొగుడు పుణెలో మేస్త్రీ పనికి పోయాడు. అత్తకు చూపు ఆనదు. నొప్పులు మొదలయ్యాక ఆటో అయితే వచ్చింది కానీ, వెంట పోవడానికి ఆడమనిషి లేదు. చుట్టుపక్కల అందరం గడపల్లో నిలబడి చూస్తున్నాం. అక్క రాట్నం వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళి ఆటో ఎక్కి కూర్చుంది. మరుసటి రోజు సాయంత్రం గానీ రాలేదు. వచ్చి, తలకు పోసుకుని, అన్నం తింటూ, "ఆడపిల్ల. మంచిగున్నది" అని మాత్రం చెప్పింది.

మా పాలమూరులో మగవాళ్ళు పనులకు ఊళ్ళు పట్టి పోవడం కొత్త కాదు. అందుకని తోడు లేని బాలింతలకూ చూలాళ్ళకూ కరువు లేదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అక్క మాట పాకిపోయింది. కబురు వస్తే వెళ్ళిపోయేది. ఒకసారి పెద్దమందడి పిల్ల వెంట వనపర్తి దవాఖానకు కూడా వెళ్ళి, పిల్లా తల్లీ ఇల్లు చేరేదాకా ఉండి వచ్చింది. ఆ పిల్ల మనకేం చుట్టమని అత్త నిలదీసింది. అక్క నెమ్మదిగా, "చుట్టం గాకుంటేనే గద అత్తా తోడు గావాలె. చుట్టాలున్నోళ్ళకు చుట్టాలే ఉంటరు" అంది. ఆ తర్వాత అత్త కూడా ఏమీ అనడం మానేసింది. మానేసి, వచ్చేపోయేవాళ్ళకు పెద్దకోడలి గురించి గొప్పగా చెప్పడం మొదలుపెట్టింది.

మగ్గం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అక్క లేని రోజు బావగారి మగ్గానికి కూడా కండెలు నేనే చుట్టాలి. ఆమె పిల్లలకు నేనే వండి పెట్టాలి, నేనే బడికి పంపాలి. ఊళ్ళో ఆమెకు పేరు వచ్చింది. ఇంట్లో నా వేళ్ళకు కాయలు వచ్చాయి. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మనసులో మాత్రం రాట్నం తిరిగినంతసేపూ అనుకునేదాన్ని.

ఆమె చేసంచి ఎప్పుడూ తలుపు కొక్కేనికి సిద్ధంగా ఉండేది. అందులో దువ్వెన, కొబ్బరినూనె సీసా, ఉతికి చింపిన మెత్తటి పాత నూలుచీరల ముక్కలు. నొప్పులు పడే పిల్లలకు ముందు తల దువ్వి రెండు జడలు వేసేదట. నా తల దువ్విన దువ్వెన అట్లా ఊరందరిదీ అయింది. భయపడవద్దని ఎవరికీ చెప్పేది కాదు. ఎందుకని అడిగితే, "భయపడకు అంటే, భయపడేదేదో ఉన్నదనుకుంటరు. నిన్న ఏం కూర తిన్నవని అడగాలె" అంది. పుట్టిన బిడ్డల కబుర్లు మాత్రం ఇంట్లో చెప్పేది కాదు. ఆడపిల్ల, మగపిల్లాడు, మంచిగున్నది, మంచిగున్నడు, అంతే. ఎవరి ఇంటి బాధలు వాళ్ళ ఇంట్లోనే ఉండాలనేది. వినాలని నాకు ఎంతో ఉండేది. చెప్పదేమని ఉడుక్కునేదాన్ని.

సన్మానం సంగతికి వస్తాను. మహిళా దినోత్సవం నాడు ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల నుంచి ఊరికి ఉపకారం చేసిన ఆడవాళ్ళను పిలిచారు. నాగర్‌కర్నూలు నుంచి వచ్చినామె కూలివాళ్ళ పిల్లలను సాయంత్రాలు కూర్చోబెట్టి చదువు చెబుతుందట. వనపర్తి వైపు నుంచి వచ్చిన ముసలామె ఎండాకాలమంతా బస్సుల దగ్గర అంబలి పోస్తుందట. వాళ్ళ పక్కన మా అక్క. ఆమెకు వేదిక మీదికి కట్టుకుపోయే చీర లేదు. కట్టుకున్నది నా చీర. కింద మూడో వరసలో కూర్చున్న నాకు, పక్కనున్నవాళ్ళు "ఆ చీర ఎంత బాగున్నదో" అనుకోవడం వినిపించింది.

శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, మైకు చేతికిచ్చారు. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. నేను దవాఖానలో కూర్చుంటే ఇంట్లో నా పని మా చెల్లె చేసింది అని ఒక్క మాట. చెప్పలేదు. "నాకు మాట్లాడ రాదు. పక్కకు కూసోను వస్తది. పిలిస్తే వస్త" అని మైకు తిరిగి ఇచ్చేసింది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, చుట్టూ చూస్తారని.

ఆటోలో వస్తుంటే నేను మాట్లాడలేదు. ఏమైందని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగితే ఆగలేకపోయాను.

"ఒక్కపారి నా పేరు తీస్తే నీ నోట్ల ముత్యాలు రాలిపోతుండెనా అక్కా?"

ఆమె ఒళ్ళో శాలువా మడతపెట్టుకుంది.

"నువ్వు చేసింది ఊరి కోసం చేసినవా?" అంది. "నా కోసం చేసినవు. అది నీకూ నాకూ నడుమ ఉన్నది. మైకుల ఊరికెందుకు జెప్త?"

ఆ మాట మర్యాదో, తప్పించుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకరోజు తలచుకుంటే కడుపు నిండుతుంది. ఇంకోరోజు కడుపు మండుతుంది. ఆ శాలువా నాకిస్తుందేమో అని లోపల ఆశ ఉండేది. వారం తిరక్కుండానే అది ఏ ఊరి బాలింత మీదికో వెళ్ళిపోయింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ నా సొంత బిడ్డ కొట్టింది. తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకున్నాం. నొప్పులు వచ్చినప్పుడు అక్కా నేనూ ఇద్దరం వెంట వెళ్ళాం. లోపలికి ఒక్క ఆడమనిషినే రానిస్తామని నర్సు చెప్పింది. నేను కొంగు బిగించి ముందుకు అడుగేశాను. నా బిడ్డ నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నువ్వు గాదు. పెద్దమ్మను రమ్మను" అంది.

తలుపు మూసుకుంది. బయట బల్ల మీద నేను కూర్చున్నాను. లోపల నా బిడ్డ అరుపులు వినిపిస్తున్నాయి, మధ్యమధ్య అక్క గొంతు సన్నగా వినిపిస్తోంది. కన్నది నేను, పెంచింది నేను, గోడకు ఇవతల కూర్చున్నదీ నేనే. ఇంటికి వచ్చాక బాలింత మంచం పక్కన కూర్చుని అడిగేశాను, నేను ఎందుకు పనికిరాకపోతినని. "నిన్ను చూస్తే ఏడుపును మింగుకుంటనమ్మా. నువ్వు పరేషాన్ అయితవని" అంది నా బిడ్డ. "పెద్దమ్మ ముందల గట్ల లేదు. అరిసిన, తిట్టిన, గీరిన." అక్క ముంజేతి మీద గోళ్ళ గాట్లు నేను అప్పుడు చూశాను. నా బిడ్డ పెట్టిన గాట్లు. వాటి మీద కూడా నాకు ఈర్ష్యే పుట్టింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

పోయిన వానాకాలంలో అక్కకు కడుపులో నొప్పి మొదలైంది. కర్నూలు తీసుకుపోయి చూపించాం. ఆలస్యమైందని చెప్పి మందులిచ్చి పంపారు. ముందుగదిలో మంచం వేశాం. నేను కండెలు చుట్టడం తగ్గించుకున్నాను. ఇన్నాళ్ళకు అక్క ఇంటిపట్టున ఉంది, దగ్గరుండి చూసుకోవచ్చు అనుకున్నాను.

ఎక్కడ? ఊరంతా వచ్చి పడింది. చంటిపిల్లలను చంకనేసుకుని ఒకరు, బడి బట్టల్లో ఉన్న పిల్లలను పట్టుకుని ఒకరు. వీడు నీ చేతుల్లో పుట్టిండక్కా అని చూపించేవాళ్ళు. ఒకామె కాళ్ళు పిసుకుతుంది, ఒకామె జావ కాచి తెస్తుంది, ఒకామె విసురుతుంది. నాకు మంచం దాకా దారి ఉండేది కాదు. వాళ్ళందరికీ టీలు పెట్టడమే నా పని. అక్క మాత్రం అందరితో నవ్వుతూ మాట్లాడేది, ఏం కూర తిన్నారని అడిగేది. నొప్పి లేదా అంటే లేదనేది.

ఒక మధ్యాహ్నం ఖాళీ గ్లాసులు ఏరుకోవడానికి గదిలోకి పోయాను. ఆఖరున ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడే లేచి వెళ్ళారు. అక్క సైగ చేసింది.

"జర తలుపెయ్యి చెల్లె. ఎవ్వరొచ్చినా తియ్యకు."

తలుపు వేసి వచ్చి మంచం అంచున కూర్చున్నాను. ఆమె నా భుజం మీద తల పెట్టింది. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మనిషి పళ్ళు కరుచుకుని మూలిగింది, తర్వాత చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. చావు మాట ఎత్తలేదు. పిల్లల మాట ఎత్తలేదు. "నొస్తుంది చెల్లె, శానా నొస్తుంది" అని మాత్రం అంటోంది. నా జబ్బ పట్టుకున్న చేతిలో అంత బలం ఇంకా ఉందని నేననుకోలేదు. బయట ఎవరో తలుపు కొట్టారు. పిలిచారు, కాసేపు చూసి వెళ్ళిపోయారు. నేను లేవలేదు. ఆ మధ్యాహ్నం నాకు దక్కింది. అందులో ఎవరికీ వాటా లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నన్ను అయిజకు పంపింది. పోను అన్నాను. తల్లిని చూసి రావాలని పట్టుబట్టింది.

ఫోన్ వచ్చిన రోజు బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి వీధంతా ఆడవాళ్ళు. అక్కను వాకిట్లో పడుకోబెట్టారు. తల దగ్గరికి పోదామంటే ఒకామె చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వెవరమ్మా, జర ఆగు" అంది. మా ఇంటి వాకిట్లో. నేను ఈ ఇంటి చిన్నకోడలిని అని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, చేతులు జోడించి పక్కకు జరిగింది. అందరూ కొంచెం కొంచెం జరిగారు. అక్క పక్కన నాకు మనిషి పట్టేంత చోటు ఇచ్చారు.

సాయంకాలం తీసుకుపోయారు. ఆడవాళ్ళం కూడా నడిచాం. ఎవరూ వెనక్కి పొమ్మనలేదు. ముందు డప్పులు, దారంతా బంతిపూల రేకులు. దవాఖాన రోడ్డు మీదుగా పోతున్నప్పుడు తల ఎత్తి చూశాను. పైఅంతస్తులో పురుళ్ళ వార్డు కిటికీ దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. పచ్చి బాలింత. చెవులు కప్పుతూ తలకు గుడ్డ కట్టుకుంది, చేతుల్లో పసికందు. చప్పుడేమిటో చూడ్డానికి వచ్చినట్టుంది. పోయిందెవరో ఆమెకు తెలియదు. ఆ రోజు ఆ రోడ్డంతటిలో అక్కను మా అక్క అనని మనిషి ఆమె ఒక్కతే. ఎందుకో నాకు ప్రాణం కాస్త తేలికపడింది.

ఆమె కిందికి చూసింది. పాడెను చూసింది. గబుక్కున కొంగు లాగి బిడ్డ మొహం మీద కప్పి, బిడ్డను గుండెకు అదుముకుని, వెనక్కి తిరిగి లోపలికి నడిచిపోయింది.