పోస్టు వచ్చిన సాయంత్రం

మనవరాలు ఇంగ్లీషు మాటను చప్పట్లతో విడగొడుతోంది. "పోస్ట్, మార్, టమ్. అవ్వా, పోస్ట్ అంటే తర్వాత, మార్టమ్ అంటే సావు."

ఈ వయసులో అక్షరాలు దిద్దుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

నాకప్పుడు ఏడేళ్లు. శామీర్‌పేట దగ్గర క్వారీలో నాయిన మీద బండ పడింది. మరునాడు "నాయినేడి?" అని చిన్నమ్మను అడిగాను.

"పోస్టుమార్టంకు తీస్కపోయిండ్రు బిడ్డా."

నాకు తెలిసిన పోస్టు ఒక్కటే, ఉత్తరాలు తెచ్చేది. నాయిన ఏదో పంపుతాడని గడపలో కూర్చున్నాను. సాయంత్రం తెల్లగుడ్డలో చుట్టి కుట్టిన పొడుగాటి మూటను ట్రాక్టర్ మీంచి దించారు.

"పార్సిల్ వచ్చిందే!" అంటూ అందరికన్నా ముందు ఉరికాను. చిన్నమ్మ నా నోరు మూసింది.

ఆ మాటకు అర్థం పెద్దయ్యాక తెలిసింది. అందులో 'తర్వాత' ఉందని మాత్రం ఇవాళే తెలిసింది.

ఆ తర్వాత నేను బడికి పోలేదు. అమ్మ వెంట అదే క్వారీకి పోయాను.