శెట్టిగారి చేపకి దద్దోజనం

కాకినాడలో మా వీధి బట్టల కొట్టు శెట్టిగారు మద్రాసు నుంచి తెప్పించి పెంచుకుంటున్న జానెడు ఆస్కార్ జాతి చేప ఈ ఉదయం గాజు తొట్టెలో పక్కకు ఒరిగిపోయింది. నీళ్లు గంజిలా ఉన్నాయి. చేపలు పెంచే నన్ను పిలిచారు. ఆరా తీస్తే, రోజూ దద్దోజనం వేస్తున్నారట.

“పచ్చి రొయ్య ఒలిచి, కడిగి, చిన్న ముక్కలు వెయ్యాలండీ. మిగిలింది వెంటనే తీసెయ్యాలి,” అన్నాను.

“నీచు మా ఇంటా వంటా లేదండీ!”

“మీరు తినక్కర్లేదండీ, అది తింటే చాలు.”

సగం నీళ్లు మార్చి, రొయ్యలు నేనే తెచ్చాను. సాయంత్రానికి చేప తేరుకుంది. శెట్టిగారు కళ్లు మూసుకుని, గోవింద నామం చెప్పుకుంటూ ఒక ముక్క అందించారు. అది ముక్కతోపాటు వేలు కూడా కరిచింది. ఆయన కెవ్వుమని అరిచి, వెంటనే “బతికిందండోయ్!” అని గంతేశారు.

తర్వాత నన్ను పక్కకు పిలిచి, “చెయ్యి కడుక్కుంటే చాలాండీ, తలస్నానం చెయ్యాలా?” అని అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను. మీరేమంటారు?