పనసపండు కింద పేరు

ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఒక పనసపండు బరువుంది. నవ్వకండి. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పుకోగలుగుతున్నాను.

మా బావగారు, అంటే మా అక్క భర్త, నల్లజర్లలో బడిపంతులుగా రిటైరయ్యారు. పెరట్లో ఒక పనసచెట్టు పెంచారు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో వేసవిలో పళ్ల ఊరేగింపు చేసేవారు. బళ్ళ మీద పళ్లు అలంకరించి, పండించినవాళ్ళ పేర్లు అట్టల మీద రాసి ఊరంతా తిప్పేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక వేసవి, ఆయన తన చెట్టు కాసిన అన్నిటిలోకీ పెద్ద పండును అక్కడికి లారీలో పంపించారు. మర్నాడు నన్ను తోడు రమ్మన్నారు. ఆయనకి అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషి నీడలా కనబడతాడు, అక్షరం అసలే కనబడదు.

నేను బడి మెట్లెక్కలేదు. ఏలూరు బస్టాండులో మూటలు మోస్తూ, బస్సుల బోర్డులు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. ఆ సంగతి ఆయనకి ఒకనాడు నేనే గర్వంగా చెప్పుకున్నాను. తాడేపల్లిగూడెంలో బస్సు మారాక పక్కసీటాయన, "మీరేం చదువుకున్నారండీ?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోగా బావగారు అందుకున్నారు.

"మావాడు బస్సు బోర్డుల దాకా చదివాడండి. ఎక్కడ దిగాలో మాత్రం బాగా తెలుసు."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం ఊరేగింపు వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ కలలా ఉంటుంది. ఉప్పుగాలి, సన్నాయి, ఊగుతున్న నిమ్మకాయల తెరలు, అరటిగెలల గోపురం, అనాసపళ్ల కిరీటాలతో ఎండలో తేలిపోతున్నట్టు నడిచే ఆడపిల్లలు. అన్నిటికీ ముందు, మొదటి బండి మీద, పట్టుగుడ్డ కట్టుకుని పెళ్ళికొడుకులా మా పనసపండు. దాని కింద అట్ట మీద అరచెయ్యంత అక్షరాల్లో ఆయన పేరు. కూడబలుక్కోలేదు. ఒక్క చూపులో చదివేశాను.

"ఏవయ్యా, మనది వచ్చిందా?"

"రాలేదండీ."

"పనస వాసన వస్తోందే."

"ఊరంతా పళ్లేగా బావగారూ."

"పేర్లు సరిగ్గా చదువుతున్నావా?"

"రెండేసిసార్లు చదువుతున్నానండీ. బోర్డులేగా."

ఆయన వాసన వెళ్ళిన వైపు ముఖం తిప్పి నిలబడ్డారు. ఒక్కో బండి వచ్చినప్పుడల్లా నా చెయ్యి నొక్కారు. చివరి బండి దాకా నొక్కుతూనే ఉన్నారు. నేను ప్రతిసారీ లేదన్నాను.

అప్పుడైనా చెప్పలేకపోయానా? మా పండున్న బండి ఇంకా మలుపు తిరగలేదు, చెయ్యి పట్టుకుని పరిగెత్తించి ఉండొచ్చు. తిరుగు బస్సులో, "నా పండు వాళ్ళకి నచ్చలేదు కాబోలు" అని ఆయన తనలో తాను అనుకున్నప్పుడైనా చెప్పి ఉండొచ్చు. కిటికీలోంచి చేపల చెరువుల మీద సాయంత్రపు వెలుగు చూస్తూ ఊరుకున్నాను. ఆయనకి బుద్ధి చెప్పాననుకున్నాను. నాకెవరు చెప్పాలి?

ఆ నెలలోనే ఏలూరులో కంటి ఆపరేషనుకి రోజు ఖాయం చేసుకుని ఉన్నారు. వెళ్ళలేదు. అక్క నాచేత చెప్పించి చూసింది.

"ఇంకా చూడ్డానికేముందయ్యా? నువ్వు చూసి చెబుతున్నావుగా" అన్నారు.

ఆ మాట నమ్మి అన్నారా, తెలిసి అన్నారా? నేను అడగలేదు. నాలుగేళ్ళకి ఆ మసకలోనే పోయారు. అక్కకి కూడా చెప్పలేదు.

క్షమించమని రాయడం లేదు. ఆ బస్సులో నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అదే నాకు మరీ సిగ్గు. కానీ ఇవాళ గదిలో ఒక్కణ్ణే కూర్చుని, ఆ రోజు రాలేదన్న అట్టని గొంతెత్తి చదివాను. పైన ఆయన పేరు. కింద నల్లజర్ల.

మొదటి బండి బావగారూ. మొదటి బండేనండీ.