తాగనివాళ్ళకు మాత్రమే

నేత్ర ఏం పని చేస్తుందో ఆమె తల్లి అక్కయమ్మకు కూడా సరిగ్గా తెలియదు. కర్ణాటక సరిహద్దులోని సొంతూరు చింతామణిలో ఎవరైనా అడిగితే ‘కార్జం డాక్టరు’ అని చెప్పి మాట మార్చేస్తుంది. వింటే మటన్ అంగడి గుర్తొస్తుంది కానీ అందులో తప్పేమీ లేదు. బెంగళూరులో కాలేయ మార్పిడి ఆపరేషన్ అయ్యాక, రోగి ఒంట్లోంచి తీసేసిన పాత కాలేయం నేరుగా నేత్ర బల్ల మీదికి వస్తుంది. దాన్ని పల్చగా కోసి, రంగులు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఇది ఎందుకు చెడిందని వెతకడం ఆమె ఉద్యోగం. మధ్యలో కొన్నేళ్ళు ఎలుకల్ని మేపింది. చక్కెర, డాల్డా కలిపిన మేత పెట్టి, వాటి కాలేయాలు వెన్నముద్దల్లా తెల్లబడేదాకా చూసింది. మగపెళ్ళివారికి కూడా అంత మర్యాద జరగదని ల్యాబులో అందరూ నవ్వేవాళ్ళు.

ఇంత చదువూ ఒక్క మాట మీది కోపంతో చదివింది.

ఆమె తండ్రి లక్ష్మణప్ప కెంచార్లహళ్ళిలో టమోటా, మల్బరీ పెట్టే రైతు. సారాయి అంగడి ఉన్న వీధిలో నడిచేవాడు కూడా కాదు. నేత్ర పియుసిలో, అంటే ఇంటర్‌లో, ఉండగా ఆయన కళ్ళు పచ్చబడి, కడుపులో నీళ్ళు చేరి చనిపోయాడు. పెద్దకర్మ నాటి భోజనాల్లో మేనమామ గంగాధరప్ప, ఆకు ముందు కూర్చుని, పంక్తి మొత్తానికీ వినబడేలా అన్నాడు.

“లివరు ఊరికే పోతాదా అప్పా? మా బావ చాటుగా తాగినాడు. ఒప్పుకోలా, అంతే.”

అప్పుడు పప్పు వడ్డిస్తున్నది నేత్రే. గరిటెడు పప్పు ఆకులో కాకుండా మామ తెల్లపంచె మీద పడింది. పాపం, దుఃఖంలో చెయ్యి జారిందని అందరూ అనుకున్నారు. జారలేదు.

ఆ తర్వాత ఎంబీబీఎస్, ఆ పైన పెద్ద చదువులు, ఎలుకలు, బల్ల మీద కాలేయాలు. తాగనివాళ్ళకూ ఈ జబ్బు వస్తుందని, ఒంట్లో చక్కెర, కొవ్వు పేరుకుంటే చాలని ప్రపంచం ఎప్పుడో ఒప్పుకుంది. చింతామణి మాత్రం ఒప్పుకోలేదు. అందుకే నేత్ర తన కొత్త పరిశోధన ఇక్కడే పెట్టుకుంది. దానికి తాగుడు అలవాటు లేనివాళ్ళు కావాలి. అలాంటివాళ్ళు ఒకేచోట గుంపుగా దొరికేది గంగాధరప్ప భజనమందిరంలోనే.

గంగాధరప్పకు నూనెమిల్లు ఉంది. దానికన్నా పెద్దది భజనమండలి అధ్యక్ష పదవి. శనివారం భజనకు వచ్చేవాళ్ళ నోళ్ళు ఆయన ముక్కుతోనే పరీక్ష చేసి లోపలికి వదులుతాడు. తాగినవాడికి తాళం ముట్టే అర్హత లేదు. నెయ్యి ఓడే కేసరిబాతు ప్రసాదం రెండుమార్లు తినడానికి మాత్రం అందరికీ అర్హత ఉంది.

మందిరం అడగడానికి ఆయన ఇంటికి వెళ్ళిన నేత్ర, మామను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చేతులు చిక్కిపోయాయి, కడుపు ముందుకొచ్చింది. పాదాలు వాచి చెప్పుల పట్టీలు లోతుగా దిగాయి. తండ్రి చివరి రోజుల్లో అచ్చం ఇలాగే ఉన్నాడు.

“మామా, ఒక్కసారి పండుకో. మిషను తెచ్చినా. సూది లేదు, కోత లేదు.”

“నాకెందుకమ్మీ? తాగేటోళ్ళకు చెయ్‌పో. నాది గ్యాసు.”

“కండ్లు పచ్చగా ఉండాయి.”

“ట్యూబులైటుకు అట్ల కనపడతాండాది.”

పట్టపగలు. ఇంట్లో ఏ లైటూ వెలగడం లేదు. వంటింట్లోంచి అత్త సులోచనమ్మ అందుకుంది. “రాత్రంతా నిద్ర రాదంటాడు, పగలు మిల్లులో కూర్చున్నకాడే తూగుతాడు. మొన్న నా చెప్పులేసుకొని పోయినాడు. కాళ్ళకు బిగిసినా తెలీలేదంట.”

నేత్రకు నవ్వు రాలేదు. కాలేయం బాగా చెడితే మతి కూడా తప్పుతుంది. ఇంకా ఆలస్యమైతే రక్తం కక్కుకుంటాడు, అప్పుడు మార్పిడికీ పనికిరాడు. ఆ సంగతి మొహం మీదే చెప్పింది. గంగాధరప్ప మందిరమైతే ఇచ్చాడు కానీ ఆ మాట వినలేదు. కాలేయం పరీక్షకు పడుకుంటే రేపు మండలిలో ఎవడేమంటాడో ఆయనకు బాగా తెలుసు. ఆ మాట పుట్టించినవాడు ఆయనే మరి.

మొదటి శనివారం మందిరం ముందు కన్నడలో ‘ఉచిత లివర్ పరీక్ష’ అని బోర్డు పెట్టారు. భజనవాళ్ళంతా ఆ పొద్దు వెనక వీధిలోంచి తిరిగి ఇళ్ళకు పోయారు. వచ్చింది ఒక్కడు, మండీలో మూటలు మోసే బయ్యప్ప. సాయంత్రమైతే వాడు ఏ స్థితిలో ఉంటాడో ఊరందరికీ తెలుసు.

“నా ఒక్కడికేనా అమ్మా ఇంత పెద్ద మిషను?” అని మురిసిపోతూ పడుకున్నాడు. పక్కటెముకల మధ్య చిన్న గొట్టంలాంటిది ఆనించి నొక్కితే, వేలితో మీటినట్టు టక్కుమంటుంది. కాలేయం ఎంత బిగిసిందో అంకె చూపిస్తుంది. అది మెత్తగా ఉంటేనే మంచిది.

“ఇప్పటికి బాగుండాది బయ్యప్పా. అది నీ గొప్ప కాదు, దానికింకా విసుగు రాలేదు. తాగేది మానెయ్.”

బయ్యప్ప మొదటి ముక్క మాత్రమే విని, దాన్ని మండీ అంతా చెప్పుకున్నాడు.

నేత్ర తన తప్పు ఎక్కడుందో కనిపెట్టింది. రెండో శనివారానికి పాత బోర్డు తీయించి కొత్తది కట్టించింది. ‘కాలేయ పరీక్ష. జీవితంలో ఎన్నడూ తాగనివాళ్ళకు మాత్రమే.’ పరిశోధన నియమం కూడా అదే కాబట్టి అబద్ధమేమీ లేదు.

తెల్లారేసరికి మందిరం చుట్టూ జనం. ఇప్పుడు లైనులో నిలబడ్డమే పరువు. నిలబడనివాడి సంగతి ఊరే చూసుకుంటుంది. భార్యలు మొగుళ్ళను రెక్కపట్టి తెచ్చి నిలబెట్టారు. బయ్యప్ప కూడా పట్టెనామాలు పెట్టుకుని వచ్చాడు.

“నువ్వు తాగుతావు కదప్పా?” అంది నేత్ర.

“ఈ పొద్దు ఇంకా లేదమ్మా.”

వాడిని లైను చూసుకునే పనిలో పెట్టింది. వాడు తొలి నిమిషంలోనే గొంతెత్తాడు. “అధ్యక్షులు యాడ? గంగాధరప్ప లైనులో లేడే?”

గంగాధరప్ప అంత తేలిగ్గా దొరికే మనిషి కాదు. పరీక్ష ఖాళీ కడుపుతో చెయ్యాలని ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. పెద్ద గుండిగతో కేసరిబాతు మోయించుకుని వచ్చి, దేవుడికి చూపించి, లైనంతా పంచాడు. ప్రసాదం వద్దనే ధైర్యం ఎవరికుంది? అందరూ కళ్ళకద్దుకుని తిన్నారు. ఆయన రెండు దొన్నెలు లాగించి చేతులు దులుపుకున్నాడు.

“అయ్యో, తినేస్తిమే అమ్మీ. ఈ పొద్దుకు అయ్యేటట్టు లేదు.”

నేత్ర తన దొన్నె కూడా ఖాళీ చేసింది. “నెయ్యి బాగా పడింది మామా. మూడు గంటలు ఆగితే చాలు. అంతదాకా భజన చేస్తాం. నువ్వే ఎత్తుకో.”

అధ్యక్షుడు ఎత్తుకోక తప్పలేదు. మైకులో మూడు గంటలు పాడి గొంతు బొంగురుపోయింది. మధ్యలో ఒకసారి వెనక తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ బయ్యప్ప చేతులు కట్టుకుని ఉన్నాడు. “హారతి కాకుండానే యాడికప్పా?”

చివరికి పక్కగదిలో మంచం మీద పడుకున్నాడు. గొట్టం టక్కు టక్కుమంది. ఆరేడు దాటకూడని అంకె ముప్పై దాటింది. నేత్ర మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. మామ కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా నాలుక కింద దాచుకున్న ప్రశ్న బయటికి వచ్చేసింది.

“ఎప్పటి నుంచి తాగుతాండావు మామా?”

గంగాధరప్ప లేచి కూర్చున్నాడు. “దేవుని మీద ప్రమాణం అమ్మీ. ముట్టలా. వాసన కూడా చూడలా.”

“తెలుసు. మా నాయన కూడా ఇట్లే చెప్పినాడు.”

ఆయన వాచిన పాదాలు మంచం కిందికి దించాడు. బయట తాళాలు ఆగిపోయాయి.

“ఇప్పుడు బయటికి ఎట్ల పోయేది? అంతమంది ఉండారు.”

“జబ్బు నీది, చెప్పుకునేది నీ ఇష్టం. నేను ఎవరికీ చెప్పను. నువ్వు మాత్రం రేపే బెంగళూరికి రావాల.”

గంగాధరప్ప పంచె సర్దుకుని బయటికి వెళ్ళి మైకు పట్టుకున్నాడు. రెండుసార్లు దగ్గాడు.

“మా బావ లక్ష్మణప్ప తాగలా. ఆ పొద్దు నేనన్నది తప్పు. ఆయనకొచ్చిందే నాకూ వచ్చింది. నేనూ తాగలా.” ఖాళీ గుండిగ వైపు చూశాడు. “కేసరిబాతు రెండోసారి పెట్టించుకున్నోళ్ళు ముందు రాండి.”

ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ళ వైపు నిలబడి ఉన్న అక్కయమ్మ మాత్రం ముక్కు చీదుకుంది.

ఆ ఏడాదే ఆపరేషన్ అయింది. సులోచనమ్మ తన కాలేయంలో సగం పైగా ఇచ్చింది. మిగిలిన ముక్క పెరిగి మళ్ళీ నిండవుతుందని నేత్ర చెప్పినా, ఆమె నమ్మకుండానే ఇచ్చింది. రాయిలా గడ్డకట్టిన గంగాధరప్ప పాత కాలేయం నేత్ర బల్ల మీదికి వచ్చింది. దాన్ని కోసే పని ఆ రోజు వేరేవాళ్ళకు అప్పగించి, ఆమె మామ మంచం పక్కన కూర్చుంది.

ఇప్పుడు శనివారం ప్రసాదం ఉడికించిన గుగ్గిళ్ళు. మొన్న ఎవరి పెళ్ళిలోనో పంక్తిలో గంగాధరప్ప ఓళిగ అనే బొబ్బట్టు మీదికి నెయ్యి రమ్మని సైగ చేశాడు. ఎదురు వరసలోంచి సులోచనమ్మ చూసింది.

“నా ముక్క ఉండాది నీ కడుపులో. దాన్ని అడిగి ఏయించుకో.”

ఆయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేశాడు.