నాలుగున్నర గంటల కువైట్

నా చిన్నప్పుడు మా శంషాబాద్‌లో విమానాశ్రయం లేదు, బస్టాండు మాత్రం ఉండేది. అక్కడ మా తాతయ్య టైంకీపరు. ఆరాంఘర్ మీదుగా చార్మినార్‌కు పోయిన బస్సు జనాన్ని దింపి, డ్రైవరు చాయ్ తాగగానే వెనక్కి వచ్చేది. అందుకే పోయిన బండి ఏదైనా, ఎక్కిన మనిషి ఎవరైనా, అదే రోజు తిరిగి వస్తారని నా గట్టి నమ్మకం.

నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ కువైట్‌కు ప్రయాణమైంది. నాన్న అప్పటికే లేడు. అక్కడ ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకునే పని. ఎంత దూరమని అడిగితే అమ్మ తాతయ్య వైపు చూసింది.

"మూడు వేల కిలోమీటర్లు బిడ్డా. విమానం గద, నాలుగున్నర గంటలే," అన్నాడాయన.

"మరి వచ్చేటప్పుడు?"

"గంతే. నాలుగున్నర పోను, నాలుగున్నర రాను. నడుమ చాయ్‌కి అర్ధగంట ఏస్కో."

పొద్దున ఎనిమిదింటికి పట్నం నుంచి విమానం. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. సాయంత్రం ఐదున్నరకు దిగుతుంది, ఏడింటికల్లా ఇంట్లో ఉంటుంది. ఇంక ఏడవడం దేనికి? మొదటి బస్సెక్కిన అమ్మకు నవ్వుతూ చెయ్యి ఊపాను. వచ్చేటప్పుడు గాజులు తెమ్మని కూడా చెప్పాను. అమ్మ తల ఊపింది.

ఆ సాయంత్రం ఐదింటి నుంచే బస్టాండులో కూర్చున్నాను. ఆరాంఘర్ వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ పరిగెత్తాను. తాతయ్య తన గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఒక్కసారైనా లేచి రాలేదు. ఏడు దాటాక, పహాడీ షరీఫ్ దర్గాకు పోయి వస్తున్న మా పక్కింటి ఖాలా బస్సు దిగి నన్ను చూసింది. అమ్మ కోసం చూస్తున్నానంటే నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో బేటా! రెండేండ్ల దాకా రాదు గదా. నీకు ఎవ్వలు చెప్పలేదా?"

రెండేళ్లు! నా ఒళ్లు మండిపోయింది. గదిలోకి పోయి తాతయ్య ముందున్న బస్సుల టైములు రాసే పుస్తకం లాగి విసిరికొట్టాను. ఆయన తిట్టలేదు.

"నువ్వేడిస్తే మీ అమ్మ పోకపోతుండె బిడ్డా," అన్నాడు తల దించుకుని.

నిజమే కావచ్చు. కానీ ఇద్దరూ కలిసి నన్ను మోసం చేశారు. ఆయన చెప్పిన గంటల్లో ఒక్కటీ తప్పు లేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అమ్మ రెండేళ్లకు వచ్చింది. ఆమె పడ్డ కష్టం నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆ పొద్దున నా చేత నవ్వుతూ చెయ్యి ఊపించుకున్నందుకు మాత్రం ఆమెను క్షమించలేకపోయాను.

మొన్న నా కూతురు నెల రోజుల శిక్షణకు ఢిల్లీ పోతూ, ఢిల్లీ ఎంతసేపు, రెండు గంటలే కదా అని నాలుగేళ్ల పాపను మభ్యపెట్టబోయింది. నేను ఊరుకోలేదు. నెల రోజులని దాని ముఖం చూసి చెప్పమన్నాను. పాప తల్లి మెడ పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చింది. కూతురు నా వైపు కోపంగా చూసింది. చూస్తే చూడనీ. పాప ఏడ్చింది వాళ్లమ్మ ఒళ్లోనే కదా. నాకు ఆ ఏడుపు కూడా దక్కనివ్వలేదు.