అతుకు పడిన చోట

మా కింది ఇంటి మాస్టారు పోయారు. పోయిన గురువారం ఆఫీసు మీటింగులో ఉండగా ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే ఆయన మేనకోడలు, మాస్కుతో, రెండు మెట్లు కిందికి దిగి దూరంగా నిలబడి ఉంది. కరోనా కాదట, నిద్రలోనే గుండె ఆగిందట. అంత్యక్రియలకు ఇంతమందే రావాలని లెక్క ఉందని, ఏమీ అనుకోవద్దని ఆమె నొచ్చుకుంటూ చెప్పింది. నేను తలూపి లోపలికి వచ్చి, కెమెరా ఆపేసి ఏడ్చాను. అక్కడికి వెళ్లి ఆయనకు చెప్పుకోవలసింది మీ ముందు చెప్పుకుంటున్నాను.

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో నేను అద్దెకుంటున్న ఇంట్లో ఆయనది కింది అంతస్తు, నాది పైది. మాస్టారు అన్న పిలుపు మా నాన్న పెట్టింది. నిజానికి ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు. జీవితమంతా పియానోలు బాగుచేశారు. నేను చేరిన మొదటి ఏడాది నాకు ఆయనంటే హడలు. చెత్త సంచిలో పొరపాటున నేను వేసిన గాజుసీసాను బయటికి తీసి, శుభ్రంగా కడిగి, మా గుమ్మం ముందు పెట్టి వెళ్లేవారు. ఒక్క మాట అనేవారు కాదు. ఆ కడిగిన సీసాను చూస్తే తిట్లు తిన్నట్టే ఉండేది.

నాన్న మూడు నెలలుండి వెళ్దామని ఫిబ్రవరిలో వచ్చారు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకు నలభై ఏళ్లు హార్మోనియం వాయించిన మనిషి. కాళ్లతో తొక్కే లెగ్ హార్మోనియం. అలాంటివారికి రెండు గదులు, ఒక బాల్కనీ, లాప్‌టాప్ ముందు నేను. వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఇమ్మని నేను రోజూ ఆఫీసులకు మెయిళ్లు పెడుతుంటే పొద్దున్నే లేచి అదే ప్రశ్న.

"ఏమ్మా, ఆ టెర్మిన్ ఏమన్నా దొరికిందా?"

"లేదు నాన్నా. అన్నీ మూసేశారు. అప్లై చేసిన కాగితం ఉంది, పర్లేదు."

"కాగితానికేం, అది ఉంటది. నేనే ఉంటానో లేదో ఈ చలిలో."

నవ్వుతూనే అనేవారు. కానీ ఏప్రిల్ వచ్చేసరికి అన్నం సగం వదిలేయడం మొదలుపెట్టారు. కిటికీ దగ్గర కూర్చుని, ఖాళీగా వెళ్లే ట్రాములు చూసేవారు. ఆయన్ని ఇక్కడే పోగొట్టుకుంటానేమోనని నాకు భయం పట్టుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి కింది నుంచి పియానో వినిపించింది. ఒంటిగంట నుంచి మూడు దాకా ఇక్కడ చప్పుడు చేయకూడదు, మాస్టారు ఆ నియమం నిమిషం కూడా తప్పరు. నాన్న తల ఎత్తారు.

"ఎవరో తొక్కుతున్నారే!"

"పియానో నాన్నా అది. తొక్కరు."

"నాకు చెప్తావా? గాలి చప్పుడు వినపడటంలా?" అంటూ మాస్కు లేకుండా మెట్లు దిగారు. నేను మాస్కు పట్టుకుని వెనకాలే పరిగెత్తాను.

తలుపు తీసే ఉంది. మాస్టారు చేతులు ఒళ్లో పెట్టుకుని కాళ్లతో తొక్కుతున్నారు. స్వరాల మెట్లు వాటంతట అవే కిందికి, పైకి ఆడుతున్నాయి. పియానో మధ్యలో కన్నాలు కన్నాలుగా ఉన్న కాగితపు చుట్ట ఒకటి తిరుగుతోంది. ఆ కన్నాల్లోంచి గాలి పీల్చుకున్నప్పుడల్లా ఒక స్వరం పలుకుతుంది. ఎవరైనా మెట్ల వంకే చూస్తారు. నాన్న మాత్రం వంగి మాస్టారి కాళ్లు చూశారు. మాస్టారు అది గమనించి, ఆపి, లేచి, బల్లను శానిటైజరుతో తుడిచి, కూర్చోమని చెయ్యి చూపించారు. ఆ రోజు నాన్న రాత్రి అన్నం మారు వడ్డించుకున్నారు.

ఆ సంగీతం పేరు రాగ్‌టైమ్ అని అప్పుడే తెలిసింది. నూట ఇరవై ఏళ్ల పైమాటే, అమెరికాలో నల్లజాతి పియానో వాద్యకారులు పుట్టించిన బాణీ. నాన్న రెండు పాటలు వినగానే తేల్చేశారు. "ఎడం చెయ్యి బుద్ధిమంతురాలమ్మా, తాళం తప్పదు. కుడి చెయ్యే అల్లరిది. రావాల్సిన చోట రాకుండా కాస్త పక్కన దూకుద్ది." నేను జర్మన్‌లో చెబితే మాస్టారు మళ్లీ చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నారు.

యుద్ధం అయిపోయిన కొత్తలో, ఆయన చిన్నప్పుడు, వాళ్ల ఊరి హోటల్లో ఒక నల్లజాతి అమెరికన్ సైనికుడు శ్రుతి లేని పియానో మీద ఇది వాయించాడట. ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎడమచేతి వరస అప్పగించి, కుడిచేతిది తాను అందుకున్నాడట. అతని పేరు అడగలేదని ఎనభై దాటాక కూడా మాస్టారికి బాధే. అప్పటికే జాజ్ వచ్చి ఆ బాణీని లోకం మరిచిపోయింది. మిగిలినవాళ్లు తాగుబోతుల వినోదానికి వేగంగా వాయించి పారేసేవారు. డెబ్బైల్లో ఎవరో పాత స్వరపత్రాల దుమ్ము దులిపి, నిదానంగా, మర్యాదగా వాయిస్తే అప్పుడు జనం మళ్లీ విన్నారు. ఆ రోజుల్లోనే ఈయన పాత సామానుతోపాటు వీధిలో పారేసిన కాగితపు చుట్టలను ఏరి తెచ్చుకునేవారు. పియానోకు వేగం పెంచే చిన్న పిడి ఉంది. నేను దాన్ని ముట్టుకుంటే చాలు, "పరుగు కాదమ్మా, షికారు" అనేవారు.

అప్పటినుంచి రోజూ మూడింటికి నాన్న తయారు. కిటికీలు బార్లా తెరిచి, చెరో మూల కూర్చుని, చిరిగిన చుట్టలకు పల్చటి కాగితంతో అతుకులు వేసేవారు. భాష లేదు. "మాస్టారూ" అని ఈయన, "హెర్ కొల్లేగె" అని ఆయన. హెర్ అంటే గారు, కొల్లేగె అంటే తోటి పనివాడు అని నేను చెప్పినప్పుడు నాన్న నిటారుగా సర్దుకుని కూర్చున్నారు.

జూన్‌లో పొరపాటు జరిగింది. మరెక్కడా దొరకని చుట్ట ఒకటి ఉండేది, మాస్టారికి ప్రాణం. అంచు దగ్గర ఒంటరిగా ఉన్న చిన్న కన్నాన్ని చూసి పురుగు కొట్టిందనుకుని నాన్న మూసేశారు. ఆయన్ని ఏమనగలం? మన హార్మోనియం తిత్తిలో కన్నం పడితే పాట పోతుంది. నాటకం మొదలయ్యే ముందు గుడ్డముక్క, మైదాపిండి జిగురు పెట్టి కన్నాలు మూయడమే ఆయన జన్మంతా చేసిన పని. ఈ పెట్టెలో కన్నమే పాట. చుట్ట తిరిగింది, పై స్థాయిలో పలకవలసిన పంచమం పలకలేదు. మాస్టారు తొక్కడం ఆపారు. నాన్నకు నేను చెప్పనవసరం లేకపోయింది.

మూడు రోజులు నాన్న కిందికి దిగలేదు. "ఆయన ప్రాణం పెట్టి దాచుకున్నది చెడగొట్టానమ్మా. ఏ మొహం పెట్టుకుని పోను?" అని మళ్లీ కిటికీ దగ్గరికి చేరారు. అన్నం మళ్లీ సగమే.

నాలుగో రోజు మాస్టారు మెట్లెక్కి వచ్చారు. మా గుమ్మం దాకా ఆయన వచ్చి నిలబడటం అదే మొదలు. చేతిలో కడిగిన సీసా లేదు. "హెర్ కొల్లేగె, మూడయింది" అన్నారు, గడియారం చూపిస్తూ. వెనకే మేమిద్దరం దిగాం. అదే చుట్ట పెట్టి తొక్కారు. ఆ చోటు రాగానే ఒళ్లోంచి కుడిచెయ్యి తీసి, చూపుడు వేలితో ఆ మెట్టు తానే నొక్కారు. పాట సాగిపోయింది. రెండోసారి నాన్న వేలు పట్టుకుని నొక్కించారు.

"యంత్రమే అంతా వాయిస్తే మనకేం పని?" అన్నారు నాతో. "మీ నాన్నగారికి చెప్పు."

చెప్పాను. నాన్నకు సగమే నమ్మకం కలిగింది. ఆకులు రాలే వేళకు విమానం దొరికి తెనాలి వెళ్లిపోయాక కూడా, ఫోన్ చేసిన ప్రతిసారీ అదే ప్రశ్న. "ఆ అతుకు తీయించారా మాస్టారు? నా మొహమాటానికి ఉంచేశారేమో, కనుక్కో." నేను అడగలేదు. అవునంటారేమోనని నాకూ భయమే.

నిన్న మేనకోడలు కిందికి పిలిచింది. పియానోను ఒక సంగీత పాఠశాల తీసుకెళ్తుందట. చుట్టల పెట్టెలు సర్దుతుంటే ఆ చుట్ట పెట్టె మూత లోపల మాస్టారి చేతిరాత కనిపించింది. ఆమె పైకి చదివింది. "ఈ అతుకు తీయవద్దు. ఇక్కడ మనిషి వాయించాలి. ఇది నా మిత్రుడి స్థానం."

నాన్నకు వీడియో కాల్ కలిపి, ఫోను పియానో మీద నిలబెట్టి, ఆ మాటలు తెలుగులో చెప్పాను. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒకసారి తొక్కమ్మా" అన్నారు. కాళ్లతో తొక్కాను, పిడి ముట్టుకోలేదు, షికారుగానే నడిచింది. ఆ చోటు దగ్గరపడుతుంటే మేనకోడలు నా వేళ్ల వంక చూసింది. నేను చేతులు ఒళ్లోనే ఉంచుకున్నాను.

స్వరం రావలసిన చోట ఏమీ రాలేదు. ఎడమచేతి వరస తన మానాన తాను సాగిపోయింది. అప్పుడు తెనాలి నుంచి, నెట్‌వర్క్ ఆలస్యంతో, రావలసిన చోటికి కాస్త పక్కన, నాన్న గొంతు పై పంచమం అందుకుంది.